స్వామి జ్ఞానానంద

స్వామి జ్ఞానానంద (1896 డిసెంబరు 5 - 1969 సెప్టెంబరు 21) ప్రముఖ కేంద్రక భౌతిక శాస్త్రవేత్త మరియు యోగి. ఈయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించి, హిమాలయ ప్రాంతాలలో సుమారు పదేళ్ళు యోగసాధన చేసి, ముప్ఫై యేళ్ళు దాటిన తరువాత ఐరోపాకు వెళ్ళి భౌతిక శాస్త్రాన్ని మొదటి నుండి అభ్యసించాడు. ప్రాగ్, లివర్‌పూల్, మిచిగాన్ విశ్వవిద్యాలయాలలో పరిశోధనలు చేసి, స్వదేశానికి తిరిగివచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దాడు. ఈయన ప్రధాన పరిశోధనా రంగం బీటా కిరణాల వర్ణపట శాస్త్రం. పరమాణు కేంద్రకం నుండి వెలువడే ఎలక్ట్రాన్ల శక్తిని కచ్చితంగా కొలవడం ఈ శాస్త్రం పని. ఇనుము కంటే బరువైన వెండి, బంగారం, సీసం, యురేనియం వంటి మూలకాలు అంతరిక్షంలో ఎలా ఏర్పడ్డాయో వివరించే సిద్ధాంతానికి ఇటువంటి కొలతలే ఆధారం.

బాల్యం, సన్యాసం

గొరగనమూడి భీమవరానికి సమీపంలో, పాలకోడేరు మండలంలో ఉన్న గ్రామం. లక్ష్మీనరసింహరాజు నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు. అతని దృష్టి చిన్ననాటి నుండే ఆధ్యాత్మిక విషయాలపై ఉండేది. యౌవనారంభంలోనే ఇల్లు విడిచి ఉత్తర దిశగా బయలుదేరి, బుద్ధుని జన్మస్థలమైన లుంబినిని చేరుకున్నాడు. ఆ తరువాత హిమాలయ ప్రాంతాలలో దాదాపు ఒక దశాబ్దం పాటు యోగసాధనలో గడిపాడు. ఏకాంతంలో గడిచిన కాలం కనుక ఈ దశకు సంబంధించి చెప్పదగిన బయటి సంఘటనలు తక్కువ. ఆ సాధన ఫలితంగా వెలువడిన రచన పేరు పూర్ణ సూత్రాలు.

ఈయన పుట్టిన 1896వ సంవత్సరంలోనే ఫ్రాన్సులో హెన్రీ బెకెరల్ యురేనియం లవణాల నుండి వెలువడే అదృశ్య కిరణాలను గుర్తించాడు. రేడియోధార్మికత అనే శాస్త్రానికి అదే ఆరంభం. ఈయన హిమాలయాలలో ఉన్న కాలంలో భౌతిక శాస్త్రం రూపురేఖలు మారిపోయాయి. 1919లో రూథర్‌ఫర్డ్ నత్రజని కేంద్రకాన్ని ఆల్ఫా కణాలతో ఢీకొట్టించి దాని నుండి ప్రోటాన్లను వెలికితీశాడు. 1920లో ఎడింగ్టన్ నక్షత్రాల వెలుగుకు మూలం హైడ్రోజన్ హీలియంగా మారడమేనని ఊహించాడు. 1925లో సిసీలియా పేన్ నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజనేనని నిరూపించింది. అయితే హైడ్రోజన్ నుండి బంగారం దాకా దారి ఎలా పడిందన్నది అప్పటికింకా ఎవరికీ తెలియదు. ఆ దారిలో పనికివచ్చే కొలతల వద్దకు ఈ యువ సన్యాసి రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

జర్మనీ ప్రయాణం

పూర్ణ సూత్రాలను ప్రచురించే ఉద్దేశంతో జ్ఞానానంద 1927లో జర్మనీకి వెళ్ళాడు. అక్కడ యోగం, వేదాంతం గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. డ్రెస్డెన్ నగరంలో ఉన్నప్పుడు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఈయనను ఆకర్షించింది. అది 1905లోను, 1915లోను వెలువడిన సిద్ధాంతం. 1919 నాటి సూర్యగ్రహణ పరిశీలనల తరువాత సామాన్య ప్రజలలో కూడా పేరు పొందింది. దాని గురించి మాట్లాడేవారు చాలామంది ఉండేవారు కాని, అర్థం చేసుకోవడానికి కావలసిన గణితాన్ని నేర్చుకోవడానికి పూనుకున్నవారు తక్కువ. జ్ఞానానంద ఆ పనికి పూనుకున్నాడు. డ్రెస్డెన్‌లో ఉన్నత గణితాన్ని, భౌతిక శాస్త్రాన్ని విద్యార్థిగా అభ్యసించాడు.

ఈయన జీవితాన్ని చెప్పేవారు సాధారణంగా కాషాయానికీ ప్రయోగశాలకూ కుదిరిన పొత్తును చూసి ఆశ్చర్యపోతారు. దానికంటే గమనించదగినది మరొకటి ఉంది. బోధించడానికి వెళ్ళిన చోట బోధన మాని విద్యార్థి కావడం, అదీ ముప్ఫై యేళ్ళ వయసు దాటాక, పరాయి భాషలో, పాఠశాల దశలోనే వదిలేసిన చదువును తిరిగి అందుకోవడం సులభమైన నిర్ణయం కాదు. అప్పటికి తన పేరున ఒక గ్రంథం, వినడానికి శ్రోతలు ఉన్న మనిషి ఆ నిర్ణయం తీసుకున్నాడు.

ప్రాగ్: ఎక్స్-కిరణాల వర్ణపటాలు

జర్మనీ నుండి జ్ఞానానంద చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌కు వెళ్ళి, చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య వాట్స్‌లావ్ డోలెయ్‌షెక్ మార్గదర్శకత్వంలో ఎక్స్-కిరణాల వర్ణపట శాస్త్రంలో పరిశోధన చేశాడు. డోలెయ్‌షెక్ బరువైన మూలకాల ఎక్స్-కిరణ వర్ణపటంలో ఎన్-శ్రేణి అనే రేఖలను కనుగొన్న శాస్త్రవేత్త. (రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు ఆయనను నిర్బంధించగా 1945లో టెరెజిన్ చెరలో మరణించాడు.)

ఎక్స్-కిరణాల వర్ణపటాలకు మూలకాల చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1913లో ఇంగ్లండులో మోస్లే అనే యువకుడు వివిధ మూలకాలు వెదజల్లే ఎక్స్-కిరణాల పౌనఃపున్యాలను కొలిచి, అవి ఒక్కొక్క మెట్టు చొప్పున క్రమంగా పెరుగుతాయని చూపాడు. ఆ మెట్టు సంఖ్యే పరమాణు సంఖ్య, అనగా కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్య. దీనితో ఏ మూలకానికి ఏ స్థానమో తేలిపోయింది, ఎక్కడ ఖాళీలున్నాయో కూడా తెలిసిపోయింది. 72వ స్థానంలోని హాఫ్నియం 1923లో ఎక్స్-కిరణాల ద్వారానే దొరికింది. 43వ స్థానం మాత్రం చాలాకాలం ఖాళీగానే ఉండిపోయింది. దాని కథ తరువాత వస్తుంది.

ప్రాగ్‌లో జ్ఞానానంద ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యాలను అత్యంత సూక్ష్మంగా కొలిచే పద్ధతులను మెరుగుపరిచాడు. ఈ పనికి స్ఫటికం, ఫోటోగ్రాఫిక్ పలక, గంటల తరబడి ఓపిక కావాలి. తరంగదైర్ఘ్యం ఎక్కువగా ఉన్న మెత్తని ఎక్స్-కిరణాలను గాలి పీల్చుకుంటుంది కనుక పరికరం లోపలి గాలిని పూర్తిగా తోడివేయడం కూడా అవసరం. ఈ కృషికి చార్లెస్ విశ్వవిద్యాలయం ఈయనకు డాక్టరేటు పట్టాన్ని ప్రదానం చేసింది.

లివర్‌పూల్: బీటా కిరణాలు

తరువాత జ్ఞానానంద ఇంగ్లండుకు వెళ్ళి లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ చాడ్విక్ వద్ద చేరాడు. చాడ్విక్ 1932లో న్యూట్రాన్‌ను కనుగొని 1935లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. ఆ ఏడాదే కేంబ్రిడ్జిని విడిచి లివర్‌పూల్‌కు వచ్చి అక్కడ కేంద్రక భౌతిక శాస్త్ర పరిశోధనకు పునాదులు వేశాడు. ఇక్కడ జ్ఞానానంద పరిశోధన పరమాణువు పైపొరల నుండి దాని కేంద్రకంలోకి మారింది. రేడియోధార్మిక ఐసోటోపుల నుండి వెలువడే బీటా కిరణాల వర్ణపటాలను ఈయన అధ్యయనం చేశాడు. ఈ పరిశోధనకు లివర్‌పూల్ విశ్వవిద్యాలయం నుండి పి.హెచ్.డి. పట్టా పొందాడు.

బీటా కిరణాలతో చాడ్విక్‌కు పాత పరిచయం ఉంది. 1914లో బెర్లిన్‌లో పనిచేస్తున్నప్పుడు ఆయన ఒక వింతను గమనించాడు. ఆల్ఫా కణాలు, గామా కిరణాలు నిర్ణీతమైన శక్తితో వెలువడతాయి. బీటా ఎలక్ట్రాన్లు అలా కాక, సున్నా నుండి ఒక గరిష్ఠ విలువ దాకా అన్ని శక్తులతోనూ వస్తున్నాయి. ఒకే రకమైన కేంద్రకం ఒకే రకమైన మరో కేంద్రకంగా మారుతున్నప్పుడు వెలువడే శక్తి ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా ఉండడమేమిటన్న ప్రశ్న భౌతిక శాస్త్రవేత్తలను పదిహేనేళ్ళకు పైగా వేధించింది. శక్తి నిత్యత్వ నియమమే తప్పేమోనని సందేహించినవారూ ఉన్నారు. 1930లో పౌలీ కంటికీ పరికరానికీ చిక్కని మరో కణం మిగిలిన శక్తిని తీసుకుపోతున్నదని ప్రతిపాదించాడు. అదే న్యూట్రినో. దీని ఆధారంగా 1934లో ఫెర్మి బీటా విఘటన సిద్ధాంతాన్ని నిర్మించాడు. ఆ సిద్ధాంతం వర్ణపటం ఏ ఆకారంలో ఉండాలో చెబుతుంది. ఆకారం నిజంగా అలాగే ఉందా లేదా అన్నది కొలిచి చూడవలసిన విషయం. జ్ఞానానంద ఈ రంగంలో ప్రవేశించిన సమయానికి ఇదే ప్రధానమైన పని.

బీటా వర్ణపటమాపకం పనిచేసే తీరు సూత్రప్రాయంగా సులభం. అయస్కాంత క్షేత్రంలో ప్రయాణించే ఎలక్ట్రాన్ వంపు తిరుగుతుంది. వేగం తక్కువైతే ఎక్కువ వంపు, వేగం ఎక్కువైతే తక్కువ వంపు. ఏ వంపు దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో లెక్కిస్తే వర్ణపటం వస్తుంది. చిక్కంతా ఆచరణలో ఉంది. రేడియోధార్మిక పదార్థపు పూత మందంగా ఉంటే ఎలక్ట్రాన్లు అందులోంచి బయటికి వచ్చేలోగానే కొంత శక్తిని కోల్పోతాయి. పరికరంలో గాలి మిగిలితే దాని అణువులకు తగిలి చెదిరిపోతాయి. వర్ణపటం చివర, గరిష్ఠ శక్తి దగ్గర, వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య అతి తక్కువ. కాని అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం దొరికేది అక్కడే. ఆ గరిష్ఠ శక్తి తెలిస్తే తల్లి కేంద్రకానికీ పిల్ల కేంద్రకానికీ మధ్య ద్రవ్యరాశి భేదం ఎంతో తెలుస్తుంది. వర్ణపటంలో అక్కడక్కడ కనిపించే సన్నని రేఖలు కేంద్రకంలోని శక్తి స్థాయిలను తెలుపుతాయి.

మిచిగాన్, శూన్యతపై గ్రంథం

ఇంగ్లండు నుండి జ్ఞానానంద అమెరికాకు వెళ్ళి మిచిగాన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన కొనసాగించాడు. ఈయన ఆంగ్ల గ్రంథం హై వాక్యువా 1947లో అమెరికాలో వాన్ నాస్ట్రాండ్ సంస్థ ద్వారా వెలువడింది. ప్రయోగశాలలో అధిక శూన్యతను ఏ సూత్రాలపై సాధించాలి, ఎలా ఉత్పత్తి చేయాలి, ఎలా కొలవాలి అనేవి ఇందులోని విషయాలు. ప్రాగ్‌లో ఎక్స్-కిరణాలకు, లివర్‌పూల్‌లో బీటా కిరణాలకు గాలిలేని చోటు కావలసి రాగా, ఏళ్ళ తరబడి పంపులతోను, గేజిలతోను, ఎక్కడినుంచో గాలి చొరబడే అతుకులతోను కుస్తీ పట్టిన మనిషి అనుభవం దీని వెనుక ఉంది. పూర్ణ సూత్రాలతో దేశం దాటిన సన్యాసి ఇరవై యేళ్ళకు శూన్యం గురించి పుస్తకం రాయడం యాదృచ్ఛికమే అయినా, తెలుగు పాఠకునికి ముచ్చట గొలిపే యాదృచ్ఛికం.

బీటా విఘటనం, బరువైన మూలకాల పుట్టుక

జ్ఞానానంద ఖగోళ శాస్త్రవేత్త కాడు. అయితే ఈయన జీవితకాలంలోనే ఈయన రంగం నక్షత్రాల అధ్యయనానికి అత్యవసరమైన రంగంగా మారింది. దీనిని అర్థం చేసుకోవడానికి కొంత వివరణ అవసరం.

నక్షత్రాలలో తేలిక కేంద్రకాలు కలిసి బరువైన కేంద్రకాలుగా మారుతున్నప్పుడు శక్తి వెలువడుతుంది. ఈ లాభం ఇనుము, నికెల్ వరకే. ప్రోటాన్లు, న్యూట్రాన్లు అన్నిటికంటే గట్టిగా బంధింపబడి ఉండేది ఆ ప్రాంతపు కేంద్రకాలలోనే. అక్కడి నుండి ముందుకు పోవాలంటే శక్తి వెలువడకపోగా ఖర్చవుతుంది. పైగా ప్రోటాన్ల సంఖ్య పెరిగే కొద్దీ కేంద్రకాలు ఒకదానినొకటి మరింత బలంగా వికర్షిస్తాయి. కనుక బంగారం, సీసం వంటివి కలయిక ద్వారా తయారు కాలేవు. చాడ్విక్ కనుగొన్న న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. దానిని ఏ కేంద్రకమూ వికర్షించదు. నేరుగా లోపలికి పోగలదు.

న్యూట్రాన్లు వచ్చి చేరినంత మాత్రాన మూలకం మారదు, అదే మూలకం బరువెక్కుతుంది అంతే. న్యూట్రాన్లు మితిమీరినప్పుడు వాటిలో ఒకటి ప్రోటాన్‌గా మారి, ఎలక్ట్రాన్‌ను, న్యూట్రినో జాతికి చెందిన ఒక కణాన్ని బయటికి పంపుతుంది. ఇదే బీటా విఘటనం. దీనితో పరమాణు సంఖ్య ఒకటి పెరిగి, తరువాతి మూలకం పుడుతుంది. ఉదాహరణకు ప్లాటినం-196 కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను గ్రహిస్తే ప్లాటినం-197 అవుతుంది. దాని అర్ధాయువు సుమారు 20 గంటలు. అది బీటా కణాన్ని విడిచి బంగారం-197గా మారుతుంది. మనం ధరించే బంగారమంతా ఈ ఒక్క ఐసోటోపే. ఇది మరో న్యూట్రాన్‌ను గ్రహించి బంగారం-198గా మారితే 2.7 రోజుల అర్ధాయువుతో పాదరసమైపోతుంది. మెట్టు ఎక్కించేది బీటా విఘటనమే, బంగారాన్ని దాటించి పాదరసానికి చేర్చేదీ అదే.

ఇక్కడ రెండు ప్రక్రియల మధ్య పోటీ ఉంది. ఒకటి కేంద్రకం న్యూట్రాన్‌ను గ్రహించే వేగం, రెండవది బీటా విఘటన వేగం. ముసలితనంలో ఉబ్బిన ఎర్రని నక్షత్రాలలో న్యూట్రాన్లు అరుదుగా, కొన్ని సంవత్సరాలకో దశాబ్దాలకో ఒకటి చొప్పున తగులుతాయి. ఈలోగా విఘటనం చెందవలసిన కేంద్రకం చాలావరకు విఘటనం చెందుతుంది. దీనిని నెమ్మది ప్రక్రియ అంటారు. స్ట్రాన్షియం, బేరియం, సీసం అధిక భాగం ఇలా తయారైనవే. మంగంపేటలో తవ్వే ముగ్గురాయి బేరియం ఖనిజమే. ఈ ప్రక్రియ బిస్మత్ వద్ద ఆగిపోతుంది. ఆపై వచ్చే కేంద్రకాలు ఆల్ఫా కణాలను విడిచి వెనక్కి జారిపోతాయి. న్యూట్రాన్లు కుప్పలుగా దొరికే చోట కథ వేరు. అక్కడ ఒక్క క్షణంలోపే పదుల కొద్దీ న్యూట్రాన్లు కేంద్రకంలో చేరతాయి, విఘటనానికి వ్యవధి ఉండదు. ఇది వేగ ప్రక్రియ. యురేనియం, థోరియం పూర్తిగా, బంగారం, ప్లాటినం చాలావరకు దీని సంతానం. కడప జిల్లాలో తుమ్మలపల్లె వద్ద తవ్వే యురేనియం సౌరకుటుంబం కంటే పాతది.

ఏ మూలకం ఎంత ఉండాలో నిర్ణయించడంలో కేంద్రకాల స్వభావానిదే పెద్ద పాత్ర. న్యూట్రాన్ల సంఖ్య 50, 82, 126 అయినప్పుడు కేంద్రకంలోని పొరలు నిండిపోతాయి. అటువంటి కేంద్రకం మరో న్యూట్రాన్‌ను సులభంగా రానివ్వదు. ఈ సంఖ్యలను మేజిక్ సంఖ్యలు అంటారు. వీటికి 1949లో మరియా గెపెర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా వివరణ ఇచ్చి 1963లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. గోదావరి కాలువలో ఇరుకు తూము ఉన్నచోట నీరు నిలిచినట్లుగా, నెమ్మది ప్రక్రియలో ఈ సంఖ్యల వద్ద పదార్థం పోగుపడుతుంది. స్ట్రాన్షియం-88లో న్యూట్రాన్లు 50, బేరియం-138లో 82, సీసం-208లో 126. ఈ మూడూ తమ పొరుగు మూలకాలతో పోలిస్తే విశ్వంలో సమృద్ధిగా ఉన్నాయి. వేగ ప్రక్రియలోనూ ఇవే తూములు, కాని పదార్థం పోగుపడే చోటు వేరు. అక్కడ 126 న్యూట్రాన్ల వద్ద ఆగిన కేంద్రకంలో ప్రోటాన్లు సుమారు 70 మాత్రమే ఉంటాయి. మొత్తం సుమారు 195. న్యూట్రాన్ల జోరు తగ్గాక అది వరుస బీటా విఘటనాలతో ప్లాటినం, బంగారం ప్రాంతానికి చేరుకుంటుంది. ఆ ప్రాంతపు మూలకాలు లోకంలో ఈమాత్రమైనా దొరకడానికి కారణం ఇదే.

విఘటన వేగం విషయానికి వస్తే, వెలువడే గరిష్ఠ శక్తి పెరిగిన కొద్దీ విఘటనం ఎన్నో రెట్లు త్వరితమవుతుంది. శక్తి రెండింతలైతే వేగం సుమారు ముప్ఫై రెట్లు పెరగవచ్చు. కనుక వర్ణపటం చివరి బిందువును కొలవడంలో చిన్న పొరపాటు కూడా లెక్కను బాగా పక్కదారి పట్టిస్తుంది. కొన్ని కేంద్రకాల అర్ధాయువు భూమి మీద ఒకటి, నక్షత్రంలో మరొకటి కూడా. రీనియం-187 అర్ధాయువు మామూలుగా 4,000 కోట్ల సంవత్సరాలకు పైబడి ఉంటుంది. ఎలక్ట్రాన్లన్నిటినీ తొలగించి 1990లలో జర్మనీలో కొలిచినప్పుడు అది సుమారు 33 సంవత్సరాలకు పడిపోయింది.

43వ మూలకం కథ ఇక్కడ కలుస్తుంది. ఎక్స్-కిరణాల వర్ణపటాలు ఖాళీగా చూపిన ఆ స్థానాన్ని 1937లో కృత్రిమంగా తయారైన టెక్నీషియం నింపింది. దాని ఐసోటోపులలో స్థిరమైనది ఒక్కటీ లేదు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచేదాని అర్ధాయువు కూడా సుమారు 42 లక్షల సంవత్సరాలే. 1952లో పాల్ మెరిల్ కొన్ని ఎర్రని నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం రేఖలను చూశాడు. నక్షత్రాల వయస్సు వందల కోట్ల సంవత్సరాలు. పుట్టుకతో వచ్చిన టెక్నీషియమైతే ఏనాడో నశించి ఉండాలి. అంటే ఆ నక్షత్రాలు దానిని ఇటీవలనే తయారు చేశాయన్నమాట. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ కలిసి మూలకాల పుట్టుకపై సమగ్ర వ్యాసం ప్రచురించారు. అదే సంవత్సరం కెమెరాన్ స్వతంత్రంగా అటువంటి నిర్ణయాలకే వచ్చాడు. నెమ్మది, వేగ ప్రక్రియల విభజన అప్పుడే స్థిరపడింది. వారి లెక్కలకు ముడిసరుకు ప్రయోగశాలలలో కొలిచిన అర్ధాయువులు, ద్రవ్యరాశి భేదాలు, న్యూట్రాన్ గ్రహణ శక్తి.

వేగ ప్రక్రియ ఎక్కడ జరుగుతుందన్నది ఆ తరువాత కూడా అరవై యేళ్ళు చర్చనీయాంశంగానే ఉంది. 2017 ఆగస్టు 17న సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న సంఘటనను గురుత్వ తరంగాల ద్వారాను, దూరదర్శినుల ద్వారాను గమనించారు. ఆ వెలుగు కొద్దిరోజులలో నీలం నుండి ఎరుపుకు మారి ఆరిపోయింది. అప్పుడే పుట్టిన బరువైన కేంద్రకాల విఘటనమే, ముఖ్యంగా బీటా విఘటనమే, ఆ వెలుగుకు ఇంధనం. 2019లో దాని వర్ణపటంలో స్ట్రాన్షియం ఆనవాలును గుర్తించారు. ఇటువంటి ఘర్షణలు ఒక కర్మాగారమని దీనితో రుజువైంది, ఇదొక్కటే కర్మాగారమా అన్న విషయంలో పరిశోధన సాగుతూనే ఉంది.

వాల్తేరులో

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జ్ఞానానంద భారతదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశాడు. కె.ఎస్. కృష్ణన్ ఆ సంస్థకు తొలి సంచాలకుడు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు వి.ఎస్. కృష్ణ ఆహ్వానంపై జ్ఞానానంద వాల్తేరుకు వచ్చాడు. అక్కడ భౌతిక శాస్త్రానికి అప్పటికే మంచి పేరుంది. రామన్ శిష్యుడైన సూరి భగవంతం, వర్ణపట శాస్త్రజ్ఞుడైన కె. రంగధామరావు ఆ శాఖను పెంచినవారు. కేంద్రక భౌతిక శాస్త్రం 1956లో ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. జ్ఞానానంద దానికి మొదటి ఆచార్యునిగా, అధిపతిగా 1965 వరకు కొనసాగాడు.

అదే 1956 ఆగస్టులో బొంబాయి సమీపంలోని ట్రాంబేలో దేశపు తొలి రియాక్టరు అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. అణుశక్తి అంటే పెద్ద రియాక్టర్లు, పెద్ద యంత్రాలు అని జనం అనుకుంటున్న రోజులవి. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి అటువంటి యంత్రాలు అందుబాటులో ఉండవు. బల్ల మీద పట్టే రేడియోధార్మిక పదార్థం, మంచి వర్ణపటమాపకం, జాగ్రత్త గల చేతులు ఉంటే చేయగల పని కేంద్రక వర్ణపట శాస్త్రం. వాల్తేరు ప్రయోగశాల ఈ మార్గాన్నే అనుసరించింది. రేడియోధార్మిక కేంద్రకాల విఘటన క్రమాలు, గామా కిరణాలను వివిధ మూలకాలు పీల్చుకునే తీరు మొదలైన అంశాలపై అక్కడి విద్యార్థులు పరిశోధనా పత్రాలు ప్రచురించారు. స్వామీజీ వద్ద తయారైనవారు తరువాతి తరానికి అదే విభాగంలో ఆచార్యులయ్యారు.

ఇటువంటి పట్టికలకు వెంటనే పేరు రాదు. ఒక ఐసోటోపు అర్ధాయువులో దశాంశ స్థానాన్ని సరిచేసినవాని పేరు పత్రికలకెక్కదు. అయితే వేగ ప్రక్రియలో వచ్చే కేంద్రకాలు భూమి మీద సహజంగా దొరకవు. చాలాకాలం పాటు వాటి గుణాలను, అందుబాటులో ఉన్న కేంద్రకాలపై చేసిన కొలతల ఆధారంగానే ఊహించవలసి వచ్చింది. ఊహ ఎంత దూరం పోగలదన్నది తెలిసినది ఎంత గట్టిదన్న దానిపై ఆధారపడుతుంది. జపాన్‌లోని రికెన్, 2022లో మిచిగాన్ రాష్ట్రంలో ప్రారంభమైన అరుదైన ఐసోటోపుల కేంద్రం వంటివి అటువంటి కేంద్రకాలను తయారుచేసి నేరుగా కొలుస్తున్నాయి. పరికరాలు మారాయి కాని కొలిచేవి మాత్రం అవే: అర్ధాయువు, ద్రవ్యరాశి, వెలువడే శక్తి.

విశాఖపట్నం నుండి భీమునిపట్నం దాకా సముద్రపు ఒడ్డున కనిపించే నల్లని, ఎర్రని చారల ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్‌లతో పాటు మోనజైటు కూడా ఉంది. మోనజైటులో ఉండే థోరియం అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు, దాదాపు విశ్వం వయస్సంత. వేగ ప్రక్రియలో తప్ప మరెక్కడా పుట్టని ఈ మూలకం ప్రయోగశాలకు నడక దూరంలో అలలు కొట్టే చోటనే పడి ఉంది.

మరణం, స్మృతి

జ్ఞానానంద 1965లో పదవీ విరమణ చేసి, 1969 సెప్టెంబరు 21న మరణించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈయన నెలకొల్పిన ప్రయోగశాలలకు స్వామి జ్ఞానానంద కేంద్రక పరిశోధనా ప్రయోగశాలలు అని పేరు పెట్టారు.